114 నుంచి 200కి: పాత వోల్వోకు టర్బో లెక్కలు

పాత కారుకు టర్బో ఇంజిన్ ఎక్కించినాయన ఎదురైతే అందరూ మొదట అడిగేది ఒకటే: "బూస్ట్ ఎంత?" ఆయనా గర్వంగా ఒక అంకె చెబుతాడు. ఆ ఒక్క అంకెతో ఇంజిన్ గురించి తెలిసేది చాలా తక్కువ. అడగాల్సింది నిమిషానికి ఎన్ని కిలోల గాలి లోపలికి పోతోందని. అది తెలిస్తే ఎంత పెట్రోలు కావాలో, ఎంత పవర్ వస్తుందో, క్లచ్ తట్టుకుంటుందో లేదో, స్పానర్ పట్టుకోకముందే కాగితం మీద తేలిపోతుంది. ఈ లెక్క వేయకుండా మొదలుపెట్టబట్టే చాలా కార్లు ఇంటి గరాజుల్లో సగం విప్పి ఏళ్ల తరబడి పడి ఉంటాయి.

ఉదాహరణకు వోల్వో 240ని తీసుకుందాం. 1974 నుంచి 1993 దాకా 28 లక్షలకు పైగా తయారైన స్వీడన్ కారు. చూడ్డానికి అట్టపెట్టె, బరువు సుమారు 1,300 కిలోలు. అమెరికాలో ఇంట్లో ఇంజిన్ మార్చుకునేవాళ్లకు ఈ కారంటే మక్కువ. కారణం సూటిగా ఉంటుంది. 240లో ఉన్న ఇంజిన్, దాని తర్వాత వచ్చిన 740, 940 టర్బోల్లో ఉన్న ఇంజిన్ ఒకే వంశానివి. బ్లాకుకు ఎర్ర రంగు వేస్తారు కాబట్టి ఆ కుటుంబం మొత్తాన్నీ రెడ్‌బ్లాక్ అంటారు. ఇనప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. టైమింగ్ బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులను గుద్దవు. ఇంట్లో పని నేర్చుకునేవాడికి ఇంతకంటే దయగల ఇంజిన్ దొరకడం కష్టం.

1980ల చివర్లో అమెరికాలో అమ్మిన 240లో బీ230ఎఫ్ ఇంజిన్ ఉండేది. 2,316 సీసీ, 5,400 ఆర్‌పీఎం వద్ద 114 హార్స్‌పవర్. 740, 940 టర్బోల్లోని బీ230ఎఫ్‌టీ కూడా అదే 2,316 సీసీ. 96 మిల్లీమీటర్ల బోర్, 80 మిల్లీమీటర్ల స్ట్రోక్. పవర్ మాత్రం 160కి కొంచెం అటూ ఇటూ. బోరు పెరగలేదు, స్ట్రోకు పెరగలేదు. అదనంగా వచ్చిన 45 పైచిలుకు హార్స్‌పవర్ అంతా గాలిదే.

ఆ గాలిని తూచి చూద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 5,400 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 2,700 సార్లు. 2.316 లీటర్లను 2,700తో గుణిస్తే 6,253 లీటర్లు. ఇలాంటి ఇంజిన్ ఆ వేగంలో పూర్తిగా నిండదు కాబట్టి నూటికి 75 వంతులు నిండుతుందనుకుందాం: 4,690 లీటర్లు. 25 డిగ్రీల వేడిలో సముద్రమట్టం దగ్గర ఘనపు మీటరు గాలి 1.18 కిలోలు తూగుతుంది. అంటే నిమిషానికి సుమారు 5.5 కిలోల గాలి. కిలో పెట్రోలుకు 12.8 కిలోల గాలి చొప్పున, హార్స్‌పవర్‌కు గంటకు 227 గ్రాముల పెట్రోలు చొప్పున లెక్క కడితే వచ్చేది 114. కంపెనీ చెప్పిన అంకె అదే. నిండే శాతం నేను అనుకున్నదే గానీ, జవాబు అసలుకు తగిలింది కాబట్టి ఇక్కడి నుంచి ధైర్యంగా ముందుకు పోవచ్చు.

ఇప్పుడు టర్బో పెడదాం. 0.7 బార్ బూస్ట్ అంటే గాలిని బయటి ఒత్తిడికి 1.7 రెట్లు నొక్కడం. గాలి కూడా 1.7 రెట్లు పోతుందనుకుంటే అక్కడే బోల్తా పడతాం. నొక్కితే గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైతే 25 డిగ్రీల గాలి బయటికి వచ్చేసరికి 95 డిగ్రీలు. అలాగే ఇంజిన్‌లోకి పంపితే అదనంగా దక్కేది 38 శాతమే. దారిలో ఇంటర్‌కూలర్ పెట్టి 45 డిగ్రీలకు దించితే 59 శాతం. అదే టర్బో, అదే బూస్ట్. మధ్యలో ఒక అల్యూమినియం జల్లెడ ఉందా లేదా అన్నదే తేడా.

బాడీ ముందు భాగం కోయడం ఇష్టంలేక ఇంటర్‌కూలర్ మానేసేవాళ్లు ఈ అంకెలు చూడాలి. మన హైదరాబాద్ మే నెల ఎండలో, 42 డిగ్రీల వద్ద, అదే కంప్రెసర్ గాలిని 116 డిగ్రీలకు తీసుకుపోతుంది. డాలస్ ఆగస్టు కూడా దీనికేం తీసిపోదు.

59 శాతం ఎక్కువంటే నిమిషానికి 8.8 కిలోల గాలి. టర్బో ఇంజిన్‌కు బూస్ట్‌లో మిశ్రమం కాస్త చిక్కగా ఉండాలి, 11.8 కిలోల గాలికి కిలో పెట్రోలు. అదనపు పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి హార్స్‌పవర్‌కు గంటకు 272 గ్రాములు పోతాయి. ఫలితం 165. వోల్వో ఇంజినీర్లు ఎక్కడ ఆగారో మన లెక్కా అక్కడే ఆగింది.

ఇక 200 సంగతి. గాలి నిమిషానికి 10.7 కిలోలు కావాలి. అందుకు బూస్ట్ 1.1 బార్‌కు పోవాలి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 126 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్ కూడా దాన్ని 45కు దించలేదు, 52 అనుకున్నాను. అంటే బూస్ట్‌ను 57 శాతం పెంచితే పవర్ పెరిగేది 21 శాతం. బూస్ట్ అంకె చూసి మురిసిపోవద్దనేది ఇందుకే. గేజి మీద ముల్లు ఎగిరినంతగా కారు ఎగరదు.

పెట్రోలు లెక్క ఇంకా కఠినం. 200 హార్స్‌పవర్ వద్ద గంటకు 54 కిలోలు, అంటే 73 లీటర్లు. యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టినంతసేపే అనుకోండి, ఇంజెక్టర్ మాత్రం ఆ క్షణానికి సిద్ధంగా ఉండాలి. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదన్న నియమం పాటిస్తే ఒక్కోటి నిమిషానికి 380 సీసీ ఇవ్వాలి. మామూలు 114 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఇదే పద్ధతిలో సుమారు 180 చాలు. 165కు 315 దాకా. కాబట్టి 165 దగ్గర ఆగితే దాత కారులో, అంటే టర్బో ఇంజిన్ తీసుకునే పాత కారులో, వచ్చిన ఇంజెక్టర్లతోనే గడిచిపోతుంది. 200 అనగానే ఇంజెక్టర్లు, వాటికి తగ్గట్టు కంప్యూటర్ ట్యూనింగ్, పంపు పరీక్ష, అన్నీ వరసగా మీద పడతాయి.

సరిగ్గా ఇక్కడే ఇంజిన్లు పోతాయి. పెట్రోలు చాలకపోతే మిశ్రమం పలచనవుతుంది, సిలిండర్ వేడెక్కుతుంది, నాకింగ్ మొదలవుతుంది. ప్లగ్గు వెలిగించిన మంట అంతటా పాకకముందే మిగిలిన మిశ్రమం తనంత తానే పేలడమే నాకింగ్. పూర్తి బూస్ట్‌లో అది కొద్ది క్షణాలున్నా పిస్టన్ అంచు విరగడానికి చాలు. టర్బో ఇంజిన్‌కు కంప్రెషన్ తక్కువగా పెట్టేది ఈ భయంతోనే: బీ230ఎఫ్‌లో 9.8, బీ230ఎఫ్‌టీలో 8.7. మామూలు ఇంజిన్‌కే టర్బో బిగిస్తే సరిపోదా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. తక్కువ బూస్ట్‌తో నడిపేవాళ్లు ఉన్నారు. నా ఓటు మాత్రం టర్బో ఇంజిన్‌కే, అందులోనూ 1990 తర్వాతి దానికి. అప్పటి నుంచి కనెక్టింగ్ రాడ్లు లావుగా, బలంగా వచ్చాయి.

ఇండియా నుంచి అమెరికా వెళ్లినవాళ్లను ఆక్టేన్ అంకె తికమక పెడుతుంది. కాలిఫోర్నియా బంకులో ప్రీమియం మీద 91 అని ఉంటుంది. అది మన దగ్గరి 91 లాంటిది కాదు. అక్కడ రెండు రకాల పరీక్షల సగటు రాస్తారు. మనం వాడే ఆర్ఓఎన్ కొలతలో అది దాదాపు 95, 96. హైదరాబాద్‌లో ఎక్స్‌పీ95 కొట్టించినట్టన్నమాట. టర్బో కారులో అంతకు తక్కువ పోయవద్దు.

ఇక చేతిపని. అంకెలు ఎంత బాగున్నా పని ఆగేది చిన్నచిన్న చోట్లే. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి 200 కిలోల పైనే ఉంటాయి. ఒక టన్ను మడత హాయిస్ట్ ఉంటే ఇద్దరు మనుషులు దింపి ఎక్కించగలరు. తిప్పలు పెట్టేది వైరింగ్. 1987 దాకా వచ్చిన 240ల ఇంజిన్ వైర్ల తొడుగు కాలక్రమంలో పొడిపొడిగా రాలిపోతుంది. ఆ హార్నెస్‌ను మార్చకుండా టర్బో ఎక్కించడం శుద్ధ దండగ. 1989 తర్వాతి కార్లలో చాలావాటికి బాష్ ఎల్‌హెచ్ 2.4 ఇంజెక్షన్ ఉంది. టర్బో కార్లలోనూ అదే కాబట్టి కంప్యూటర్, ఇగ్నిషన్ బాక్సు మార్చుకుంటే పని చాలా వరకు తీరుతుంది.

ఈ ఇంజెక్షన్‌కు ఒక పట్టింపు ఉంది. లోపలికి వచ్చే గాలిని ఒక వేడి తీగ కొలుస్తుంది. ఆ మీటర్ దాటాక హోస్ పైపులో ఎక్కడ చీలిక ఉన్నా, బూస్ట్‌లో కొలిచిన గాలి బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం లెక్క ప్రకారం పడుతుంది. నల్లపొగ, తడబాటు. గేరు మార్చినప్పుడు "ఫ్‌స్స్" అని చప్పుడు రావాలని గాలిని బయటికి వదిలే వాల్వు పెడితే వచ్చేదీ ఇదే జబ్బు. చప్పుడు కోసం కారు పాడుచేసుకోవడం కుర్రతనం. గాలిని తిరిగి లోపలికి పంపే వాల్వే పెట్టండి.

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని నిలబెట్టేది సన్నటి ఆయిల్ పొర. ఆయిల్ ఒత్తిడితో లోపలికి పోతుంది గానీ బయటికి తనంత తానే జారి రావాలి. కాబట్టి తిరుగు పైపు లావుగా, ఎక్కడా వంపు పడకుండా కిందికే దిగాలి. అది మెలిక తిరిగితే ఆయిల్ టర్బో సీలు దాటుకుని సైలెన్సర్‌లోకి పోయి నీలిపొగ వస్తుంది. టర్బో పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. పోయింది పైపు వాలు.

టార్క్ సంగతి క్లుప్తంగా. మామూలు ఇంజిన్ 184 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 1.1 బార్ వద్ద అది 320 దాకా పోగలదు. 240లో వచ్చిన ఎం47 అనే ఐదు గేర్ల బాక్సు అంత బరువు మోసేది కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఫోర్డ్ మస్టాంగ్‌లోని టీ5 బాక్సు వెతుక్కుంటారు. క్లచ్ ప్లేట్ ఎలాగూ మారాలి. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉండటం ఈ కారు అదృష్టం, కానీ గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పోతే బ్రేకులు మింగాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది. పాత రబ్బరు పైపులు, పాత బ్రేక్ ఆయిల్ మార్చకుండా 200 హార్స్‌పవర్ గురించి మాట్లాడకూడదు.

వేడి కూడా ఒకసారి చూడండి. 200 హార్స్‌పవర్ అంటే 149 కిలోవాట్లు. అప్పుడు కాలుతున్న పెట్రోలులోని శక్తి సుమారు 660 కిలోవాట్లు. మిగిలిన 500 పైచిలుకు సైలెన్సర్, రేడియేటర్, ఆయిల్, కాలని పెట్రోలు రూపంలో ఎటో ఒకవైపు పోవాలి. 30 ఏళ్ల రేడియేటర్‌ను నీళ్లు పోసి కడిగి మళ్లీ బిగించేవాళ్లకు ఈ అంకె చూపించాలి.

నా సలహా ఒకటే: విడి ఇంజిన్ కొనొద్దు, మొత్తం దాత కారు కొనండి. బ్రాకెట్లు, పైపులు, కంప్యూటర్, ఇంటర్‌కూలర్, ఒక్కోటి విడిగా కొంటే ఇంజిన్ ధరను ఎప్పుడో దాటిపోతాయి. మొదట 0.7 బార్ దగ్గరే నడపండి. గాలి, పెట్రోలు నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి, పూర్తి బూస్ట్‌లో మిశ్రమం 12 దాటడం లేదని చూశాకే 200 వైపు తల తిప్పండి.

కొనే ముందు చట్టం చూడాలి. ఇండియాలో ఈ పనికి దాదాపు దారి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. టెక్సాస్‌లో, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్, కాలిన్ కౌంటీల్లో, పొగ పరీక్ష 24 ఏళ్ల లోపు కార్లకే. అయినా పొగ తగ్గించే పరికరాలు పీకేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధమే. కాలిఫోర్నియాలో 1976 మోడల్ నుంచి వచ్చిన ఇలాంటి పాత పెట్రోలు కార్లకు పరీక్ష తప్పదు. ఇంజిన్ మార్చిన కారును అక్కడ పొగ పరీక్షల రెఫరీ దగ్గరికి తీసుకెళ్లాలి. ఎక్కించిన ఇంజిన్ కారు మోడల్ సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో అయి ఉండాలి. దాత కారులోని కేటలిటిక్ కన్వర్టర్‌తో సహా పొగ సామగ్రి అంతా దానితో రావాలి. 1991 మోడల్ 240 ఉన్నవాళ్లు 1990 టర్బో ఇంజిన్ చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే, ఎంత బాగా బిగించినా అది పాస్ కాదు.