గోల్ కొట్టినవాడికి చప్పట్లు... ఆపినవాడికి?

కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా అసర్ నమాజు ముగిసింది మొదలు మగ్రిబ్ అజాన్ వినిపించే దాకా ఖాళీ జాగా ఎక్కడ కనబడితే అక్కడ మన పిల్లలు ఆడుతూనే ఉంటారు. ఎక్కువమంది చేతిలో ఉండేది క్రికెట్ బ్యాటే. ఒకప్పుడు హైదరాబాద్ బస్తీల నుంచి వెళ్లిన మన కుర్రాళ్లు ఫుట్‌బాల్‌లో దేశానికి పతకాలు తెచ్చారని వాళ్లకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి. అందుకే ఈ శుక్రవారం సయ్యద్ నయీముద్దీన్ గురించి ముచ్చటిస్తున్నాం.

నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో జన్మించారు. అది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కాలం. రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. తరువాతి కాలంలో నయీముద్దీన్ కూడా ఆ సిటీ పోలీస్ జట్టుకే ఆడారు. అక్కడి నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటి తరఫునా ఆడారు.

ఆయన డిఫెండర్. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికలో వస్తుంది. ఎదుటివారిని తొంభై నిమిషాలు గోల్ దరిదాపులకు రానివ్వనివాడి పేరు చాలాసార్లు రాదు. ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే మాత్రం నింద మొత్తం అతనిదే. ఇంట్లో అమ్మ చేసే పని లాంటిదే ఇది కూడా. సవ్యంగా జరిగినంత కాలం ఎవరి కంటా పడదు.

అలాంటి స్థానంలో ఆడిన మనిషికే 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జట్టు పగ్గాలు అప్పగించారు. మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ కూడా ఆ జట్టులో ఉన్నారు. మూడో స్థానం కోసం జరిగిన పోటీలో భారత్ 1-0తో జపాన్‌ను ఓడించింది. గోల్ ఒక్కటే. దాన్ని నిలబెట్టింది రక్షణ శ్రేణి. అదే ఏడాది నయీముద్దీన్‌కు అర్జున అవార్డు లభించింది. ఆ కాంస్యం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మరో పతకం రాలేదు.

ఆట మానినా ఆయన మైదానం వదలలేదు. క్రమశిక్షణ విషయంలో రాజీ పడని కోచ్‌గా పేరు పొందారు. 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. 1997లో, మళ్లీ 2005లో ఆయన శిక్షణలోనే భారత జట్టు దక్షిణాసియా కప్పు గెలిచింది.

ఇదంతా పట్నం సంగతి, మన ఊళ్లకేమిటి అనుకోకండి. ఒకనాటి మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. ఒక్క బంతితో ఇరవై ఇద్దరు పిల్లలు ఆడుకోవచ్చు. ఇంతకన్నా పేదవాడి ఆట ఏముంది?

చదువు పాడవుతుందని అమ్మానాన్నలు భయపడటం సహజమే. కానీ సాయంత్రం ఒక గంట మైదానానికి పంపితే పిల్లవాడు ఓర్పు నేర్చుకుంటాడు, పక్కవాడి తప్పును తాను కాచుకోవడం నేర్చుకుంటాడు. ఈసారి మీవాడు గోల్ కొట్టలేదని చిన్నబోతే, ఎన్ని ఆపావురా బాబూ అని అడిగి చూడండి.