కాలయంత్రకథలు: కొన్ని ప్రశ్నములు, సమాధానములు

వాకాటికి దక్షిణమున, సముద్రమునకును పులికాటు సరస్సునకును నడుమ, శ్రీహరికోట యున్నది. అచ్చటనుండి 1980 జూలై 18వ తేదిని ఎస్.ఎల్.వి.-3 యను రాకెట్టు రోహిణి యుపగ్రహమును కక్ష్యయందుఁ బ్రవేశపెట్టెను. సరిగాఁ బదునొకండేండ్లకు, 1991 జూలై 18వ తేదిని, ‘ఆదిత్య 369’ అను తెలుఁగు చలనచిత్రము వెలువడెను. మొదటిది యాకాశమును దాఁటిన యంత్రము. రెండవది కాలమును దాఁటు యంత్రముయొక్క కథ. మొదటిదానిని సత్యముగా నెఱిఁగిన యీ తీరపుఁ బిల్లలు రెండవదానినిగూర్చియు ‘నిజమగునా?’ యని యడుగుట సహజము. అట్టి ప్రశ్నములకు సమాధానము లిందు వ్రాయఁబడుచున్నవి.

ఈ కల్పన యెక్కడిది? సింగీతము శ్రీనివాసరావుగారి దర్శకత్వమున వచ్చిన యీ చిత్రమందు నాయకుఁడు యంత్రమెక్కి 1526వ సంవత్సరమున విజయనగరమును, పిదప 2504వ సంవత్సరమును జూచును. కాలయంత్రమను భావమును లోకమునఁ బ్రసిద్ధము చేసినవాఁడు ఆంగ్లరచయిత హెచ్.జి. వెల్సు, ఆయన నవల 1895లో వెలువడెను. అయినను కాలభేదకథ మనకుఁ గ్రొత్తది కాదు. కకుద్మి తన కూఁతురు రేవతితో బ్రహ్మలోకమున కేఁగి, యొకింతసేపు నిలిచి మరలునప్పటికి భూలోకమున నిరువదియేడు మహాయుగములు గడచెనని భాగవతము చెప్పుచున్నది.

శాస్త్రమున కిది సమ్మతమా? సగమే సమ్మతము. మిగుల వేగముగాఁ బోవు గడియారము మెల్లగా నడచునని 1905లో ఐన్‌స్టీను తెలిపెను. అది ప్రయోగములచే స్థిరపడినది. కావున భవిష్యత్తునకు త్వరగాఁ జేరుట సిద్ధాంతవిరుద్ధము కాదు. గతమునకు మరలుటకు మాత్ర మిట్టి నిదర్శన మేదియు లేదు. కకుద్మికథయందును కాలము ముందునకే నడచినదని గమనింపవలెను.

1526వ సంవత్సరము చరిత్రకు సరిపోవునా? సరిపోవును. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలెను. తెనాలి రామకృష్ణుని యా సభయందుఁ జూపుట మాత్రము విచారింపఁదగినది. అష్టదిగ్గజములలో నతఁ డొకఁడని లోకప్రసిద్ధి. పాండురంగమాహాత్మ్యకర్త రాయలకుఁ దరువాతి కాలమువాఁడని పరిశోధకులలోఁ బలువురు తలఁచిరి. చిత్రము ప్రసిద్ధిని గైకొన్నది. అది కథకు దోషము కాదు. కాని చిత్రమునే ప్రమాణముగాఁ గొని కవికాలమును నిర్ణయించుట దోషము. బాల్యమునఁ దెరపైఁ జూచినది మనస్సున నాటుకొని, పిమ్మట గ్రంథము చెప్పినను తొలఁగదు. కనుకనే యీ భేద మిందుఁ జెప్పవలసి వచ్చినది.

‘కల్కి 2898 ఏ.డి.’ దీని యుత్తరభాగమా? కాదు. 2024 జూన్ 27వ తేదిని వెలువడిన యా చిత్రమునకు దర్శకుఁడు నాగ్ అశ్విన్, కథ వేఱు. దాని రచనాకాలమున సింగీతమువారు మార్గదర్శకులుగా నుండుటయే యీ రెంటికిఁ గల సంబంధము. పాశ్చాత్యులకు ‘టెర్మినేటరు’ వంటి చిత్రమాల గలదు. అది 1984 మొదలు 2019 వఱకు ఆఱు చిత్రములుగా సాగినది. ఒకే కథను దశాబ్దములు నడపిన యట్టి మాలలోని పూవులుగా మన యీ రెంటిని భావింపరాదు.

2898 అను సంఖ్య కర్థమేమి? కలియుగము క్రీస్తుపూర్వము 3102లో నారంభమయ్యెనని సంప్రదాయగణనము. దానికి 2898 చేర్చిన నాఱువేలగును. కురుక్షేత్రమునకుఁ బిదప నాఱువేలయేండ్లకుఁ గథను నిలుపుటయే సంఖ్యాభిప్రాయము. అయితే కలియుగప్రమాణము 4,32,000 సంవత్సరములని పురాణమతము. కల్కి వచ్చునది యుగాంతమున. అనఁగా నప్పటికి నింకను 4,26,000 యేండ్లు మిగిలియుండును. కథకుఁడు కాలమును గుదించెను, పురాణము గుదింపలేదు.

ఇఁక 2504 సంగతి. యుద్ధానంతరమున మానవులు భూగర్భమున నివసించుచున్నట్లు ‘ఆదిత్య 369’ చూపినది. అది జోస్యము కాదు, హెచ్చరిక. గతమును మార్చు యంత్రము మనకు లేదు. ఆ గతమును సరిగాఁ దెలిసికొనుటకు శాసనములు, గ్రంథములు నున్నవి. రాఁబోవుదానిని మార్చుటకు యంత్రమే యక్కఱలేదు. చిత్రమును వేడుకతోఁ జూడుఁడు. తిథులను మాత్రము శోధించి నమ్ముఁడు.