రెమ్మ తిప్పి చూస్తేనే నేల ఉసిరి

తొలకరి పడి నేల తడిసిందంటే చాలు, పొలం గట్ల మీద, పెరటి గోడల వారన నేల ఉసిరి మొలుస్తుంది. మూరకు మించి ఎదగని ఈ మొక్కను, పచ్చకామెర్లకు పసరు పోసే ఊళ్లలో ఎరగనివారు తక్కువ. అయినా కోసుకొచ్చిన కట్టలో దాని పోలికవే మరికొన్ని మొక్కలు కలుస్తుంటాయి. అందుకే గుర్తుపట్టే పని ఆకుతో ఆపకూడదు.

పైనుంచి చూస్తే చింతాకే అనిపిస్తుంది. కానీ చింతాకు మొత్తం ఒకే ఆకు; చిన్న పత్రకాలుగా చీలిందంతే. నేల ఉసిరిలో అలా కనిపించేది సన్నటి రెమ్మ, దాని మీద రెండు వరసల్లో ఉన్నవి వేటికవే ఆకులు. రెమ్మను వెనక్కి తిప్పండి. ఆకుల మొదళ్లలో, పొట్టి కాడలకు వేలాడుతూ ఆవగింజంత పచ్చటి కాయలు కనిపిస్తాయి, నున్నగా. చింత పత్రకం మొదట్లో పువ్వూ కాయా పుట్టవు. పొద్దువాలితే ఆకులు ముడుచుకుంటాయి కాబట్టి ఈ పరీక్ష పగలే చేయాలి.

కాండం ఎర్రబారి, కాయలు గరుకుగా, కాడ లేకుండా రెమ్మకే అంటుకుని ఉంటే అది దాని దాయాది, ఫిలాంథస్ యూరినేరియా. తుంచినప్పుడు పాలు కారితే అసలు ఈ జాతే కాదు. రెడ్డివారి నానబాలు వంటి మరో మొక్క. ఆ పాలు కంట్లో పడితే మంట పుడుతుంది.

ఈ గందరగోళం పండితులకూ తప్పలేదు. నేల ఉసిరిగా మన వృక్షశాస్త్ర గ్రంథాలు ఫిలాంథస్ నిరూరి అని రాస్తూ వచ్చింది నిజానికి మూడు జాతుల కలగలుపని 1985లో వృక్షశాస్త్రవేత్తలు మిత్రా, జైన్ తేల్చారు: అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్. భూతద్దం కింద పువ్వు చూస్తే అమారస్‌కు 5 రేకులు, మిగతా రెండింటికీ 6.

మందుగా దీని కథ 1988లో మలుపు తిరిగింది. మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లూంబర్గ్‌తో కలిసి, అమారస్ పొడిని పరీక్షించింది. పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించింది. ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి! తర్వాత ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు.

మరి పసరుతో కామెర్లు తగ్గినవాళ్లో? కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. పిత్తాశయంలో రాయి జారి పిత్తం దారి మూసినా కళ్లు పచ్చబడతాయి; దానికి ఏ ఆకూ పనిచేయదు.

అయినా దీన్ని కోసేవారు కలుపు మందు కొట్టిన చేలను, మురుగు కాలువ గట్లను, రోడ్డు వారను వదిలేయాలి. గర్భిణికి కళ్లు పచ్చబడితే మాత్రం పసరు కోసం ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. హెపటైటిస్-ఇ అయితే, నెలలు నిండుతున్న తల్లి ప్రాణానికే ముప్పు.