పరభాషలో పైకపు పలుకుబడులు

వ్యాకరణమును, నిఘంటువును నేర్చినంత మాత్రమున ఒక భాష పూర్తిగా వచ్చినదని చెప్పరాదు. విడివిడిగా పదములకు గల యర్థము వేరు. అవియే కూడి జాతీయమైనప్పుడు కలుగు నర్థము వేరు. స్పెయిను, మెక్సికో, అర్జెంటీనా మున్నగు దేశములలో స్పానిష్ మాతృభాషగా గలవారు అనేకులు ఉద్యోగమునకో, వర్తకమునకో ఆంగ్లము నేర్చుచుందురు. కొన్ని యేండ్లు చదివి, తప్పులు లేకుండ వ్రాయగలిగిన పిదపను వారిని తికమకపెట్టునవి డబ్బునకు సంబంధించిన జాతీయములు. ధరలను, జీతములను, అప్పులను గూర్చి మాటలాడునప్పుడు ఒక్క పలుకును పొరపాటుగ గ్రహించినను నష్టమో, మనస్తాపమో కలుగవచ్చును.

కొన్నియెడల వారికి శ్రమ లేదు. ఖర్చు తగ్గించుకొనుటను ఆంగ్లేయులు ‘నడికట్టు బిగించుట’ యందురు. స్పానిష్‌లోను అదే మాట. బ్యాంకులో నిలువకంటె హెచ్చుగా వాడుకొన్నవాడు ఆంగ్లమున ‘ఎఱుపులో నున్నవాడు’, స్పానిష్‌లో ‘ఎఱ్ఱయంకెలలో నున్నవాడు’. పద్దుపుస్తకములలో లోటును ఎఱ్ఱసిరాతో వ్రాయు నలవాటే యీ రెంటికిని మూలము.

మఱికొన్నిట భావ మొక్కటియే గాని బొమ్మ మాఱును. ఒక వస్తువు మిక్కిలి ప్రియమైనచో దాని వెల ‘ఒక చేయియు, ఒక కాలును’ అని ఆంగ్లేయుడు చెప్పును. ‘మొగములోని కన్ను’ అని స్పెయిను దేశీయుడు చెప్పును. కలిగినయింట పుట్టినవాడు ఒకరికి ‘నోట వెండి చెంచాతో పుట్టినవాడు’, మఱియొకరికి ‘బంగారు ఊయలలో పుట్టినవాడు’. ఒకని యప్పు తీర్చుటకై వేఱొకనివద్ద అప్పుచేయుట ఆంగ్లమున ‘పీటరును దోచి పౌలున కిచ్చుట’. పీటరు, పౌలు క్రైస్తవులకు పూజ్యులు. స్పానిష్ వారు దీనినే ‘ఒక పుణ్యపురుషుని వస్త్రములు విప్పి మఱియొకనికి తొడుగుట’ యందురు. ఈ రెంటిలో స్పానిష్ మాటయే సరసము. ఇట్టి జాతీయములలో పదములను మార్చుటకు వీలులేదు. ఎంత ఖరీదైన వస్తువునకైనను ఆంగ్లమున రెండు చేతులు, రెండు కాళ్ళు వెల కట్టరు.

అసలైన చిక్కు, పోలిక యున్నట్లే కనబడి యర్థము తప్పునవానితోనే. ‘డబ్బును కిటికీనుండి విసరుట’ యనగా ఆంగ్లమున దుబారా, అది నింద. స్పానిష్‌లో ‘ఇంటిని కిటికీనుండి విసరుట’ యని యొక పలుకు గలదు. పెండ్లికో, పండుగకో చేయి వెనుదీయక వైభవముగ ఖర్చుచేయుట దాని భావము; అందు నిందకంటె సంబరమే హెచ్చు. స్పెయినులో మూడవ చార్లెసు రాజు కాలమున 1763లో ప్రభుత్వ లాటరీ ప్రారంభమయ్యెను. బహుమతి పొందినవారు ఇంటిలోని పాత సామానులను కిటికీలగుండ పాఱవైచి క్రొత్తవి కొనెడివారనియు, అందుండి యీ మాట పుట్టెననియు చెప్పుదురు. ఆ కథ యెంతవఱకు నిజమైనను మాటలోని యుత్సాహమునకు తగియున్నది. స్పానిష్ విద్యార్థి యీ తేడా నెఱుగక, కుమార్తె వివాహమును ఘనముగ జరిపించిన ఆంగ్లేయునితో ‘మీరు డబ్బును కిటికీనుండి విసరితిరి’ అని మెచ్చుకొన్నచో ఆ గృహస్థు నొచ్చుకొనుట తథ్యము. అచ్చట చెప్పవలసిన మాట ‘పడవను నీటిలోనికి నెట్టితిరి’ అని. నలుదెసల సముద్రము గల దీవిలోనివారికి వేడుక యన్నను పడవయే జ్ఞప్తికి వచ్చును గాబోలు!

నాణెములతో గూడిన పలుకుబడులకు చరిత్రయు తెలియవలెను. చిన్న మొత్తములయెడ జాగ్రత్తపడి పెద్ద మొత్తములను పోగొట్టుకొనువానిని ఆంగ్లేయులు ‘పెన్నీకి వివేకి, పౌండునకు అవివేకి’ యందురు. నేడు పౌండునకు 100 పెన్నీలు. ఆ మాట పుట్టిననాడు షిల్లింగునకు 12 పెన్నీలు, పౌండునకు 20 షిల్లింగులు. అనగా పౌండునకు 240 పెన్నీలు. 1971 ఫిబ్రవరి 15న ఆ లెక్క మాఱినది. కనుక ఆ పరిహాసము నాడు మఱింత ఘాటుగ నుండెడిది. స్పెయినులో ఐదు పెసెతాల నాణెమును ‘దూరో’ యనెడివారు. 2002లో యూరో నాణెములు వచ్చి పెసెతాలు మఱుగుపడినను, చేత డబ్బులేని స్పెయినువాడు నేటికిని ‘నావద్ద ఒక్క దూరో యైనను లేదు’ అనుచునే యున్నాడు. గవ్వలతో బేరము పోయి యెంతకాలమైనను తెలుగువారు ‘చిల్లిగవ్వ లేదు’ అనుట యిట్టిదే. డాలరులతో లెక్కవేయు అమెరికనులు సైతము పై సామెతను పలుకునప్పుడు డాలరును తలపెట్టక పౌండునే పేర్కొనుచుందురు.