పులివెందులలో మట్టి చదువు

కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎండకు నెర్రెలు బారుతుంది. వాన పడితే కాలికి అతుక్కుని వదలదు. మట్టిశాస్త్రం చదవాలనుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల లేదు.

అదే జిల్లాలోని పులివెందులలో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలోని ఇండో-జర్మన్ అకాడమీ ఆ చదువును రైతుల దగ్గరికే తెచ్చింది. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమే దీనికి పునాది. ఈ పద్ధతిలో తొలకరికి ముందే, పొడి దుక్కిలో, బంకమట్టి, ఘనజీవామృతం (ఆవుపేడతో చేసే ఎరువు), బూడిద పట్టించి గుళికలుగా చేసిన రకరకాల విత్తనాలు చల్లుతారు. కొద్దిపాటి తేమకే మొలిచి నేలను కప్పేస్తాయి. వేర్ల నుంచి ఊరే చక్కెరలు సూక్ష్మజీవులకు తిండి. మట్టిలో కర్బనం ఎంత నిలిచిందో, నీరు ఎంత ఇంకిందో ఏళ్ల తరబడి కొలవడం పరిశోధకుల పని.

ఓపిక కావాలి. గుర్తింపూ వస్తుంది: ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌కు, ఈజిప్టు సంస్థ సెకెమ్‌కు కలిపి 2024 గుల్బెంకియన్ పురస్కారం దక్కింది.