ఫోన్ ఛార్జర్ కాదు.. మీ ఇంట్లో కరెంటు తాగేది వేరే ఉంది!

నరసరావుపేటలో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా పడే మొదటి చీవాట్లు ఇవే: "ఆ ఛార్జర్ పీకెయ్ రా, ఊరికే కరెంటు కాలుద్ది!" అదే టైమ్‌లో పక్క గదిలో పాతికేళ్ల నాటి ఫ్యాన్ గిర్రున తిరుగుతూ ఉంటుంది. అక్కడ మనిషే ఉండడు. దాన్ని మాత్రం ఏమీ అనదు.

సరే, లెక్క చూద్దాం. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్-అవర్లు. ఛార్జర్‌లో వేడిగా పోయేది కూడా కలిపి 25 వేసుకుందాం. రోజూ సున్నా నుంచి వంద దాకా ఎక్కించినా ఏడాదికి 9 యూనిట్లే. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగితే 8 రోజుల్లో ఆ 9 యూనిట్లూ ఊదేస్తుంది! రాత్రీపగలూ ఆన్‌లో ఉండే 8 వాట్ల వైఫై రౌటర్ కూడా ఏడాదికి 70 యూనిట్లు లాగుతుంది. 65 వాట్ ఛార్జింగా, 120 వాట్ ఛార్జింగా అని మనం వాదించుకుంటాం గానీ, బిల్లులో ఆ తేడా కనిపించనే కనిపించదు.

అదే ఫ్యాన్ మార్చి బీఎల్‌డీసీ పెడితే 30 వాట్ల దగ్గర ఆగుతుంది. ఏడాదిలో 8 నెలలు వాడినా 160 యూనిట్లు మిగులు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే, ఒక్క ఫ్యాన్‌తో 110 కిలోలకు పైగా తగ్గినట్టు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు కరెంటు పోయినప్పుడు అదే బ్యాటరీ మీద ఫ్యాన్ రెట్టింపు సేపు తిరగడం ఇంకో లాభం. అన్నట్టు, గోడ మీద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ ఉంటే స్పీడు తగ్గించినా ఆదా పెద్దగా ఉండదు. మిగిలిన కరెంటు అందులోనే వేడిగా పోతుంది.

ఇక ఏసీ. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఏసీ వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే వస్తున్నాయి. మనమే దాన్ని 18కి దించుతాం. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అని బీఈఈ లెక్క. కొనేటప్పుడు స్టార్ల కంటే ఐఎస్ఈఈఆర్ నంబర్, లేబుల్ మీది సంవత్సరం చూడండి. రేటింగ్ రూల్స్ మారుతుంటాయి కాబట్టి పాత 5 స్టార్ ఇప్పుడు 5 స్టార్ కాకపోవచ్చు.

సాగర్ ఒక పవర్ బ్యాంక్

అసలు సంగతి టైమ్‌లో ఉంది. పగలు సోలార్ కరెంటు ఉంటుంది. పొద్దుగూకాక అది సున్నా. సరిగ్గా అప్పుడే అందరి ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు ఒక్కసారిగా ఆన్ అవుతాయి. ఆ లోటు బొగ్గు కరెంటు, జల విద్యుత్ పూడ్చాలి.

మాచర్ల పక్కనే ఉన్న నాగార్జునసాగర్ చూడండి. తెలంగాణ వైపున్న మెయిన్ పవర్ హౌస్ 815.6 మెగావాట్లది. అందులో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు రెండు వైపులా పనిచేస్తాయి. దించిన నీళ్లను తిరిగి పైకి తోడగలవు. దిగువన సత్రశాల దగ్గర టెయిల్ పాండ్ కట్టడంలో ఉద్దేశం ఆ నీళ్లు నిలవాలనే. అంటే కృష్ణా నది మీద పెద్ద పవర్ బ్యాంక్! కానీ మన పవర్ బ్యాంక్‌లాగే ఇక్కడా కొంత పోతుంది. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే మూడు తిరిగొస్తాయి.

మన వైపున్న కుడి కాలువ పవర్ హౌస్ కథ వేరు. 90 మెగావాట్ల ఆ కేంద్రం కాలువకు నీళ్లు వదిలితేనే తిరుగుతుంది. ఆ నీళ్లు గురజాల, నరసరావుపేట పొలాలవి, తాగునీటి చెరువులవి. సాయంత్రం ఏసీల కోసం కాలువ తెరవమంటే కుదరదు. అందుకే రాత్రి 8 గంటలకు మిగిల్చిన యూనిట్ మధ్యాహ్నం మిగిల్చినదానికంటే విలువైంది. ఇస్త్రీ, వాషింగ్ మెషిన్, నీళ్ల మోటార్, ఈ-స్కూటర్ ఛార్జింగ్ లాంటివి పగటికి మార్చేసినా చాలు.

జనం మారరు అంటారా? 2014లో ఎల్ఈడీ బల్బుల పంపిణీ రాష్ట్రంలో ముందుగా మొదలైన జిల్లాల్లో అప్పటి ఉమ్మడి గుంటూరు ఒకటి. 60 వాట్ల బల్బు ఇచ్చి 7 వాట్లది తెచ్చుకున్నారు. ఇప్పుడు పల్నాడులో గుండు బల్బు కోసం వెతకాల్సిందే.

అమ్మమ్మ ఇంట్లో పోయిన నెల బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగించాం. గాలి బాగానే ఉందట. రిమోట్ మాత్రం పోపుల డబ్బాలో దాచింది, నేను అస్తమానం స్పీడు పెంచుతున్నానని.