విదేశాలకు పార్శిల్: ముందు ధరా, ముందు తూకమా?

మేము ముగ్గురం అక్కచెల్లెళ్లం. పెద్దవారి కాపురం జనగామలో, నడిమివారిది మహబూబాబాద్‌లో, చిన్నవారిది భూపాలపల్లిలో. మా పెళ్లిళ్ల నాటికి ఈ మూడూ వరంగల్ జిల్లాలోని ఊళ్లే. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మమ్మల్ని మళ్లీ ఒక్కచోటికి చేర్చింది ఇంటి నుండి మొదలుపెట్టిన చిన్నపాటి ఆన్‌లైన్ వ్యాపారం. జనగామ నుండి పెంబర్తి ఇత్తడి సామాను, మహబూబాబాద్ నుండి చేత్తో కుట్టిన దుపట్టాలు, దూది రజాయిలు, భూపాలపల్లి నుండి చపాటా మిరప కారం, పచ్చళ్లు. కొనేవారిలో ఎక్కువమంది గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడిన మన ప్రాంతపు కుటుంబాలే. ఈ వ్యాపారంలో మాకు తగిలిన దెబ్బ సరుకు వల్ల కాదు, గిరాకీ లేక కాదు. చేరవేత ఖర్చును తక్కువగా అంచనా వేయడం వల్ల. ఇలాంటి పనికి పూనుకున్న సోదరీమణులు మన పాఠకుల ఇళ్లలో చాలామంది ఉన్నారని తెలిసి, మా లెక్కలు దాచుకోకుండా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా పెంబర్తి సంగతి కొంత చెప్పాలి. జనగామకు కూతవేటు దూరంలో, హైదరాబాద్–వరంగల్ రహదారి మీద ఉన్న ఊరది. కాకతీయుల కాలం నుండి అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో తట్టి బొమ్మలు తేలుస్తున్నారు. ఆలయాల తలుపులకు, వాహనాలకు తొడుగులు చేసిన చేతులే నిజాముల కాలంలో పాన్‌దాన్లు, అత్తరు బుడ్లు, పూలకుండీలు, వేలాడే దీపాలు చేశాయి. 2010లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మా అమ్మీ పెళ్లిలో అత్తవారికి పెట్టిన పాన్‌దాన్ కూడా ఆ ఊరిదే; ఇప్పటికీ మూత బిగువు సడలలేదు. ఆ పాన్‌దాన్ ఫొటోతోనే మా అమ్మకం మొదలైంది. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: పెంబర్తి పని రేకు పని. వస్తువు లోపల బోలుగా ఉంటుంది. చూడటానికి పెద్దది, తూకానికి తేలిక. మా తప్పుకు మూలం అక్కడే ఉంది.

2025 వేసవిలో చికాగో నుండి ఒక సోదరి వలీమా కానుకలుగా రెండు పాన్‌దాన్లు, ఒక అత్తరుదాన్, గోడకు తగిలించే మూడు పళ్లేలు కోరారు. సరుకు ధర 14,500 రూపాయలు. అందులో చేతిపనివారికి, రేకుకు, మెరుగుకు పోను మాకు మిగిలేది 2,900. రవాణా ఎంతని ఆమె అడిగిన వెంటనే వంటింటి తూకం మీద వస్తువులు పెట్టి చూశాం. నాలుగు కిలోల పైచిలుకు. అంతకుముందు ఎవరో చెప్పగా విన్న ఒక రేటును మనసులో పెట్టుకుని 3,200 అని రాసేశాం. ఆమె మొత్తం సొమ్ము ఆ రాత్రే పంపారు. మేమూ ఆ రాత్రే పనివారికి బయానా ఇచ్చేశాం.

సరుకు తయారయ్యాక వస్తువులన్నీ ఒకే పెట్టెలో సర్ది, చుట్టూ థర్మోకోల్, పాత పత్రికలు కూరి కొరియర్ దుకాణానికి తీసుకెళ్లాం. అక్కడి అబ్బాయి తూకం వేశాడు: 6.2 కిలోలు. తర్వాత టేపు తీసి పెట్టెను కొలిచాడు: పొడవు 45, వెడల్పు 40, ఎత్తు 35 సెంటీమీటర్లు. ఆ మూడింటినీ హెచ్చవేస్తే 63,000. దాన్ని 5,000తో భాగిస్తే 12.6. అంటే మా పెట్టె బరువు వారి లెక్కలో 12.6 కిలోలు, పై అరకిలోకు సరిచేస్తే 13. విమానంలో పెట్టె ఆక్రమించే చోటుకే కిరాయి కడతారు గనుక అసలు బరువు, కొలత బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే పట్టుకుంటారు. కిలోకు 650 చొప్పున 8,450. దానిపై ఇంధన సర్‌ఛార్జీ 25 శాతం, మొత్తంపై జీఎస్టీ 18 శాతం. చివరికి తేలింది 12,463 రూపాయలు. మేము తీసుకున్నది 3,200. కొరత 9,263. లాభం మొత్తం వదులుకున్నా ఇంకా ఆరు వేలకు పైగా చేతి నుండి పెట్టాలి. ఆ ఆరు వేలు చిన్నవారి చిట్టీ డబ్బు. వచ్చే నెల పిల్లల ఫీజుకని దాచింది.

ఆ సాయంత్రం ముగ్గురం అమ్మీ ఇంట్లో కూర్చున్నాం. “ఆపా, ఆమె ఉన్నవాళ్లే కదా, మిగతాది పంపమని అడిగితే తప్పేముంది? పంపేదాకా పెట్టె కదలదని చెబుదాం” అంది చిన్నది. పెద్దామె ఒప్పుకోలేదు. “ధర చెప్పింది మనం, సొమ్ము తీసుకున్నది మనం. వస్తువు పట్టుకుని బేరం పెడితే అది అడగడమవుతుందా, మెడ మీద కత్తి పెట్టడమవుతుందా?” అంది. ఇంతలో పిన్ని కొడుకు ఒక ఉపాయం చెప్పాడు: కాగితంలో కానుక అని రాసి, విలువ వెయ్యి రూపాయలని చూపిస్తే అక్కడ సుంకం బెడద ఉండదట, అందరూ అలాగే చేస్తారట. అమ్మీ ఆ మాట పూర్తి కానివ్వలేదు. అమ్మిన వస్తువును కానుక అని రాసి సంతకం పెట్టడం అబద్ధపు సాక్ష్యం. ఆ దృష్టి లేనివారికి లోకం దృష్టితోనే చెప్పవచ్చు: పెట్టె పోయినా పగిలినా కాగితం మీద చూపిన విలువకు మించి పరిహారం అడిగే హక్కు ఉండదు. పైగా కిరాయి తేలేది బరువును బట్టి, కొలతను బట్టి. విలువ తగ్గించి రాసినంత మాత్రాన మా కొరతలో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

మర్నాడు మా మస్జిద్ ఇమాం సాబ్‌ను సలహా అడిగాం. వారు చెప్పినదాని సారం ఇది. వస్తువును తూచి, కొలిచి అప్పగించడానికయ్యే ఖర్చు అమ్మినవారిది, సొమ్ము చెల్లించడానికయ్యే ఖర్చు కొన్నవారిది అని హనఫీ ధర్మశాస్త్రంలో ఉంది. చేరవేత విషయం ఒప్పందాన్ని బట్టి, ఒప్పందం లేనిచోట ఆ ప్రాంతపు ఆనవాయితీని బట్టి నడుస్తుంది. మీరు ఒప్పందంలో ఒక అంకె చెప్పారు గనుక ఆ అంకెకు మీరే బాధ్యులు. అయితే ఉన్న సంగతి కొన్నవారికి విప్పి చెప్పి, ఒత్తిడి లేకుండా వారి అభిప్రాయం కోరడంలో తప్పులేదు. వారు బేరం రద్దు చేసుకోవాలనుకుంటే సంతోషంగా ఒప్పుకోండి. విచారపడిన కొనుగోలుదారు కోరగా బేరం వదులుకున్నవారి పొరపాట్లను అల్లాహ్ మన్నిస్తాడని హదీసు ఉంది. ఇంకో మాట కూడా అన్నారు. ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన ఉదంతం మీరు విన్నదే. తడి దాచడం ఎలాంటిదో, ముందే తెలిసిన ఖర్చును దాచి తక్కువ ధరతో పిలవడమూ అలాంటిదే. మేము తెలిసి దాచలేదు. కానీ తెలుసుకోకుండా అంకె చెప్పాం. ఆ తేడా మాకు ఊరటనిచ్చింది గానీ కొరతను పూడ్చలేదు.

అప్పుడు చేసిన పనిని మొదటే చేయవలసింది: పెట్టె విప్పాం. గోడ పళ్లేలు బల్లపరుపుగా ఉండేవి, వాటికి 35 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె దేనికి? ఆ మూడింటినీ వేరు చేసి 40, 35, 8 కొలతల పలుచని పెట్టెలో పెట్టాం. అసలు బరువు 2.8 కిలోలు, కొలత బరువు 2.24, కనుక 3 కిలోల కిరాయి. పాన్‌దాన్ల లోపలి గిన్నెలు తీసి, వాటి చోట అత్తరుదాన్ విడిభాగాలను మెత్తటి బట్టలో చుట్టి ఇమిడ్చాం. రెండో పెట్టె 30, 28, 25. అసలు బరువు 3 కిలోలు, కొలత బరువు 4.2, కిరాయి 4.5కు. రెండూ కలిపి 13 కిలోలు కాస్తా ఏడున్నర అయింది. అదే రేటున మొత్తం ఖర్చు 7,191 రూపాయలు. సరుకు అదే, ఊరు అదే, కొరియర్ అదే. 5,272 రూపాయలు మేము గాలికి కట్టబోయిన కిరాయి.

ఆ తర్వాతే చికాగో సోదరికి సందేశం రాశాం. తూకం ఫొటోలు, టేపు పెట్టిన ఫొటోలు, రెండు రసీదుల అంచనాలు జతపరిచాం. పొరపాటు మాది, ఒప్పుకున్న 3,200కే పంపుతాం, మీరు ఇష్టపడి ఏమైనా పంచుకుంటే స్వీకరిస్తాం, రద్దు చేసుకుంటే మొత్తం సొమ్ము తిరిగి ఇస్తాం అని రాశాం. మొదటి జవాబు కటువుగానే వచ్చింది. డబ్బు చేతిలో పడ్డాక ఖర్చు పెరిగిందనడం తనకు కొత్త కాదన్నారు. ఆ మాట మమ్మల్ని బాధించింది, అయినా ఆమెను తప్పుపట్టలేకపోయాం. రెండు రోజుల తర్వాత, ఫొటోలు చూశాక కాబోలు, 1,500 రూపాయలు పంపి, పెట్టె జాగ్రత్తగా కట్టమన్నారు. కొరత 3,991లో అది పోగా 2,491. లాభంలో నుండి అదీ తీసేస్తే మాకు మిగిలింది 409 రూపాయలు. పనివారి కూలి పూర్తిగా చెల్లింది. చిట్టీ డబ్బు జోలికి పోలేదు.

మహబూబాబాద్ రజాయిల కథ ఇంత సుఖంగా ముగియలేదు. రియాద్‌కు రెండు రజాయిలు, తూకం మూడున్నర కిలోలు, పెట్టె కొలత బరువు 12 కిలోలు. గాలి లాగేసే సంచుల్లో నొక్కి కట్టాక పెట్టె ఎత్తు 30 నుండి 12 సెంటీమీటర్లకు దిగి, లెక్క 5 కిలోలకు వచ్చింది గానీ, అప్పటికే కొన్నవారు విసిగి రద్దు కోరారు. సొమ్ము తిరిగి పంపాం. ఆ రజాయిలు చలికాలంలో మహబూబాబాద్‌లోనే అమ్ముడుపోయాయి.

ఇక భూపాలపల్లి కారం. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, పచ్చళ్లకు పేరు. కారం బరువూ కొలతా ఇంచుమించు ఒకటే గనుక కిరాయిలో మోసపోయేది తక్కువ. చిక్కంతా నియమాల్లో ఉంది. ఆహార పదార్థాలకు మన దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి కావాలి, అమెరికాకైతే సరుకు చేరకముందే అక్కడి ఆహార సంస్థకు సమాచారం ఇవ్వాలి. నూనె పచ్చడి సీసా దారిలో కారితే పక్కవారి పార్శిల్ కూడా పాడవుతుంది. అందుకే చిన్నామె పచ్చళ్లను దేశం లోపలికే పరిమితం చేసి, బయటికి పొడి కారం మాత్రమే ఉంచింది.

సుంకాల సంగతి చెప్పకపోతే లెక్క సగమే. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుండే అక్కడికి పార్శిళ్లు తీసుకోవడం నిలిపివేసి, అక్టోబరు 15న మళ్లీ ప్రారంభించింది. అప్పట్లో ప్రకటించిన విలువపై 50 శాతం సుంకాన్ని బుకింగ్ సమయంలోనే వసూలు చేశారు. మా వలీమా పెట్టెలు రెండు నెలలు ఆలస్యమై ఉంటే 14,500 సరుకుకు సుంకమే 7,250 అయ్యేది. ఆ తర్వాత కూడా ఈ రేట్లు స్థిరంగా లేవు; పంపే రోజున అడగడం తప్ప దారి లేదు. సౌదీలో విలువ ఆధారిత పన్ను 15 శాతం, ఎమిరేట్స్‌లో 5, బ్రిటన్‌లో 20. ఐరోపా దేశాలు 22 యూరోల లోపు సరుకుకు ఇచ్చిన పన్ను మినహాయింపును 2021 జులైలోనే తీసేశాయి. ఈ పన్ను ఎవరు కడతారన్నది ముందే రాసుకోకపోతే, తలుపు దగ్గర డబ్బు అడిగిన డెలివరీ మనిషిని చూసి కొన్నవారు పార్శిల్ తిప్పికొడతారు. తిరుగు కిరాయి మళ్లీ మన మీదే పడుతుంది.

తపాలా శాఖ 2022 నుండి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను తెరిచింది. దేశం మొత్తంలో అవి వెయ్యికి పైగా ఉన్నాయి. చిన్న ఎగుమతిదారుకు పార్శిల్ కట్టడం దగ్గర నుండి కస్టమ్స్ కాగితాల దాకా అక్కడ చెబుతారు. ఎగుమతి కోడ్‌కు ప్రభుత్వ రుసుము 500 రూపాయలే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు. మధ్యవర్తులు ఇంతకు ఎన్నో రెట్లు అడుగుతున్నారు, జాగ్రత్త.

ఇప్పుడు మా పద్ధతి మారింది. ప్రతి వస్తువును ఒకసారి నిజంగా పెట్టెలో కట్టి, తూకం, కొలతలు నోటుపుస్తకంలో రాసుకున్నాం. సరుకు ధర వేరు, రవాణా వేరు, సుంకం వేరు అని మూడు వరుసల్లో చెబుతాం. సుంకం కొన్నవారిదని అక్కడే రాస్తాం. రవాణా అంకె ఏడు రోజులకే చెల్లుతుందంటాం. అంకె తేలకముందు పైసా తీసుకోం. తెలియని ఖర్చును బేరంలో వదిలేస్తే అది ధర్మశాస్త్రం హెచ్చరించిన ఘరర్‌కు దారితీస్తుందని ఇమాం సాబ్ అన్నారు. అసలు కిరాయి మేము చెప్పినదానికంటే తక్కువైతే మిగిలింది తిరిగి పంపుతాం. ఇలా చేశాక అడిగేవారిలో కొందరు తగ్గారన్నది నిజం. అంకె చూసి వెనక్కు తగ్గినవారిని బతిమాలడం మానేశాం.

మొన్న లండన్ నుండి ఒక కుటుంబం అత్తరుదాన్ ధర అడిగింది. ధర చెప్పాం. రవాణా ఎంతని వెంటనే అడిగారు. ఎల్లుండి అస్ర్ తర్వాత చెబుతామన్నాం. వస్తువు ఇంకా పెంబర్తిలో మెరుగు దగ్గరే ఉంది, పెట్టె కట్టలేదు.